పారేసిన యంత్రానికి ప్రాణం

గడ్డి కోసే పాత యంత్రాలను బాగుచేసి అమ్మడం అమెరికాలో ఎందరికో తీరిక వేళల వ్యాపకం. అందులో మిగిలే డబ్బు కొద్దిపాటిదే. నిలబెట్టుకోవలసిన మాట మాత్రం పెద్దది.

అమెరికా నగరాల శివార్లలో చెత్తబండి వచ్చే రోజుకు ముందటి సాయంకాలం వీధులు చిన్న సంతను తలపిస్తాయి. ఇంటివాళ్ళు తమకు అక్కరలేని సామానంతా తెచ్చి రోడ్డు అంచున పెడతారు. కాలు విరిగిన కుర్చీ, పాత పరుపు, పిల్లలు ఎదిగిపోయాక మూలపడిన సైకిలు. వసంతకాలం వచ్చేసరికి వీటి సరసన మరొకటి చేరుతుంది. నాలుగు చిన్న చక్రాలు, పొడుగాటి పిడి, నడుమ నల్లని ఇంజను. అదే లాన్ మోవర్, గడ్డి కోసే యంత్రం. నిరుటి దాకా నమ్మకంగా పనిచేసి, చలికాలం గడిచాక తాడు ఎంత లాగినా పలకనిది. మరమ్మతు ఖర్చు అడిగితే కొత్తదాని ధరలో సగం చెప్పారు. యజమాని విసిగి దానిని వదిలించుకున్నాడు.

చీకటి పడేలోగా ఎవరో ఒకరు దాని పక్కన కారు ఆపుతారు. ఆ మనిషి బడిపంతులు కావచ్చు, ఫ్యాక్టరీలో షిఫ్టు పనివాడు కావచ్చు, ఉద్యోగం విరమించిన పెద్దమనిషి కావచ్చు, కాలేజీ ఫీజుకు డబ్బు కూడబెట్టుకుంటున్న కుర్రవాడు కావచ్చు. దిగగానే చేసే పని మాత్రం అందరిదీ ఒకటే. తాడు పట్టుకుని నెమ్మదిగా ఒక్కసారి లాగి చూస్తారు. చేతికి బిగువుగా ఎదురు తగిలితే సంతోషం. సిలిండరులో గాలి సరిగా నొక్కుకుంటోంది, ఇంజను గుండె గట్టిగానే ఉందని అర్థం. బిగువు లేకుండా తాడు జారివస్తే వాల్వులోనో పిస్టను రింగుల్లోనో లోపం ఉండవచ్చు. తాడు బొత్తిగా కదలకపోతే ఇంజను పట్టేసిందేమోనని చూడాలి. ఈ మొదటి పరీక్షకు అర నిమిషం చాలు. కానీ కొండంత శ్రమ ఫలిస్తుందో లేదో చాలావరకు ఆ అర నిమిషంలోనే తేలిపోతుంది.

ఈ యంత్రాలకు అక్కడ అంత గిరాకీ ఎందుకని మనకు ఆశ్చర్యం కలగడం సహజం. అమెరికాలో ఇంటిముందు పచ్చిక అలంకారం మాత్రమే కాదు, బాధ్యత కూడా. అనేక ఊళ్ళలో గడ్డి నిర్ణీతమైన ఎత్తు దాటి పెరిగితే పురపాలక సంఘం నోటీసు పంపుతుంది, తర్వాత జరిమానా విధిస్తుంది. హైదరాబాదులో అపార్టుమెంటులో పెరిగి డాలస్ శివార్లలో ఇల్లు కొనుక్కున్న తెలుగు ఇంజనీరుకు ఈ సంగతి మొదటి వేసవిలోనే తెలిసివస్తుంది. వారం వారం తన గడ్డి తానే కోసుకోవాలి, లేదా కోసేవాడికి డబ్బివ్వాలి.

బట్టల మిల్లు నుంచి పచ్చిక మీదికి

ఈ యంత్రం పుట్టుక చిత్రమైనది. ఇంగ్లండులోని గ్లాస్టర్‌షైర్‌లో స్ట్రౌడ్ ప్రాంతం ఒకప్పుడు ఉన్ని బట్టల మిల్లులకు ప్రసిద్ధి. నేసిన బట్టపై లేచిన నూగును సమంగా కత్తిరించడానికి అక్కడ ఒక యంత్రం వాడేవారు. ఎడ్విన్ బడ్డింగ్ అనే పనివాడి దృష్టి దానిపై పడింది. బట్టమీది నూగును కోసేది నేలమీది గడ్డిని ఎందుకు కోయకూడదు? 1830లో ఆయన తన యంత్రానికి పేటెంటు పొందాడు. అప్పటిదాకా పచ్చిక కోయాలంటే పొడుగాటి కొడవళ్ళతో నేర్పరులైన మనుషులు కావలసి వచ్చేది. తొలి యంత్రాల్లో ఒకటి లండన్ జంతు ప్రదర్శనశాలకు చేరింది. తర్వాత గుర్రాలు లాగే పెద్ద యంత్రాలు వచ్చాయి. గిట్టల గుర్తులు పచ్చికమీద పడకుండా ఆ గుర్రాలకు తోలు జోళ్ళు తొడిగేవారు!

ఇరవయ్యో శతాబ్దంలో పెట్రోలు ఇంజను వచ్చింది. అమెరికాలోని మిల్వాకీ నగరంలో 1908లో ప్రారంభమైన బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ కంపెనీ 1953లో తేలికైన అల్యూమినియం ఇంజనును తయారుచేసింది. దానితో యంత్రం బరువూ ధరా తగ్గి మధ్యతరగతి ఇంటికి అందుబాటులోకి వచ్చింది. ఆస్ట్రేలియాలో 1952లో మెర్విన్ విక్టర్ రిచర్డ్‌సన్ సిడ్నీలోని తన ఇంటి వద్ద పాత ఇనుముతో ఒక యంత్రాన్ని కూర్చాడు. పెట్రోలు ట్యాంకు లేకపోతే పీచ్ పండ్ల ఖాళీ డబ్బాను బిగించాడు. అదే ‘విక్టా’గా దేశమంతటా ఇంటింటి పేరయింది. 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్ ప్రారంభోత్సవంలో సైతం ఆ యంత్రాలకు చోటు దక్కింది. నేడు పారేసినదానిని ఏరి బాగుచేసేవారు ఆ పీచ్ డబ్బాకు వారసులేనని చెప్పవచ్చు.

జబ్బు చిన్నది, అనుమానాలు పెద్దవి

ఇంజను నడవాలంటే మూడు కావాలి: తగిన పాళ్ళలో పెట్రోలూ గాలీ, సరైన క్షణంలో నిప్పురవ్వ, సిలిండరులో ఒత్తిడి. మూడింటిలో ఏది తప్పిందో కనిపెట్టడమే విద్య. అనుభవం లేనివాడు కనిపించిన బోల్టునల్లా విప్పుతాడు. తెలిసినవాడు ముందు ట్యాంకు మూత తీసి వాసన చూస్తాడు.

తాజా పెట్రోలు వాసన ఘాటుగా ఉంటుంది. నెలల తరబడి నిలవ ఉన్నది పాత వార్నిషులా కంపుకొడుతుంది. పెట్రోలు ముప్పయి రోజులకు మించి నిలవ ఉంచవద్దని తయారీదారులు సాధారణంగా హెచ్చరిస్తారు. నిలవ ఉంచిన కొద్దీ తేలికపాటి భాగం ఆవిరైపోయి, మిగిలినది జిగురుగా మారుతుంది. ఆ జిగురు కార్బురేటరులోని జెట్‌ను పూడ్చివేస్తుంది. గుండుసూది కూడా దూరని ఆ సన్నని రంధ్రం మూసుకుంటే ఇంజనుకు ఆహారం అందదు. యజమాని దృష్టిలో యంత్రం చచ్చిపోయింది. నిజానికి అది ఆకలితో ఉన్నదంతే.

పెట్రోలులో కలిపే ఎథనాల్ ఈ బాధను పెంచుతుంది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నిలవ ట్యాంకులో ఆ తేమ లోహాన్ని తినివేస్తుంది. అమెరికాలో ఈ చిన్న ఇంజన్లకు 10 శాతం వరకు ఎథనాల్ కలిసిన పెట్రోలు వాడవచ్చు. 15 శాతం కలిసినది వాడరాదని నియమం. మన దేశంలో 2025 నాటికి ఈ మిశ్రమం 20 శాతానికి చేరింది. కనుక పొలంలో పవర్ స్ప్రేయరో, బ్రష్ కట్టరో ఉన్న రైతుకు కూడా ఈ పాఠం వర్తిస్తుంది. పని ముగిసి యంత్రాన్ని మూల పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటరులో మిగిలిన చుక్క కూడా కాలిపోయేదాకా ఇంజనును నడపడం మంచిది.

చికిత్స చెప్పినంత సులభం కాదు, భయపడినంత కష్టమూ కాదు. కార్బురేటరు అడుగున ఉన్న చిన్న గిన్నెను విప్పాలి, జెట్‌ను ఊడదీసి ద్రావకంతో కడగాలి, సన్నని తీగతో రంధ్రాన్ని తెరవాలి. తీగ మరీ మోటుగా ఉంటే రంధ్రం పెద్దదై ఇంజను పెట్రోలును అతిగా తాగుతుంది. ఆపైన గాలి ఫిల్టరు, స్పార్క్ ప్లగ్, ఆయిలు మార్చాలి. యంత్రాన్ని పక్కకు వాల్చవలసి వస్తే ఫిల్టరు ఉన్న వైపు పైకి ఉండాలి. లేకుంటే ఆయిలంతా ఫిల్టరులోకి దిగి, ఉన్న జబ్బుకు కొత్తది తోడవుతుంది.

మరికొన్నిసార్లు పెట్రోలు బాగానే ఉంటుంది, నిప్పురవ్వా పడుతుంది, అయినా ఇంజను దగ్గి ఊరుకుంటుంది. యజమానిని అడిగితే కాస్త సంకోచించి, “నిరుడు ఒక రాయికి తగిలింది” అంటాడు. రహస్యం అక్కడ ఉంది. ఇంజను పైభాగాన తిరిగే ఫ్లైవీల్‌ను ఇరుసుతో కలిపేది మెత్తని లోహంతో చేసిన చిన్న కీ. బ్లేడు రాయికి తగిలినప్పుడు ఆ కీ నలిగి ఫ్లైవీల్ ఇసుమంత పక్కకు జరుగుతుంది. నిప్పురవ్వ వేళ తప్పుతుంది. కొద్ది డాలర్ల ముక్క మార్చితే మళ్ళీ అంతా కుదురుకుంటుంది. అయితే దానితోపాటు ఇరుసు వంగిందేమో చూడాలి. ఇరుసు వంగిన యంత్రాన్ని మంచివాడు అమ్మడు, విడిభాగాల కింద విప్పుకుంటాడు.

ఆ మూడు సెకన్లు

అసలు పరీక్ష ఇక్కడ మొదలవుతుంది. బొమ్మ గడియారం బాగుచేసి అమ్మితే తప్పు జరిగినా నష్టం కొద్దిపాటిదే. ఇది బ్లేడు తిరిగే యంత్రం. అమెరికా ప్రమాణాల ప్రకారం దాని అంచు వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదు. అంటే గంటకు సుమారు 350 కిలోమీటర్లన్నమాట. ఆ వేగంతో ఎగిరే గులకరాయి తుపాకి గుండుకు తీసిపోదు.

అందుకే అక్కడి వినియోగ వస్తువుల భద్రతా సంఘం ఒక నియమం విధించింది. 1982 జూన్ 30 నుంచి తయారైన, వెనుక నడుస్తూ తోసే యంత్రాలలో పిడిమీద ఒక కమ్మీ ఉండాలి. దానిని చేత్తో పట్టుకుని ఉన్నంతసేపే బ్లేడు తిరగాలి. వదిలితే 3 సెకన్లలో ఆగిపోవాలి. ఎన్ని వేళ్ళు, ఎన్ని పాదాలు ఆ మూడు సెకన్ల పుణ్యమా అని నిలిచాయో!

కానీ పాత యంత్రాలలో తరచు ఈ కమ్మీని తాడుతో కట్టేసో, దాని తీగను తప్పించేసో ఉంటారు. మాటిమాటికీ ఇంజను ఆగిపోతోందని విసుగు పుట్టి ఎవరో చేసిన పని అది. బాగుచేసేవాడి ముందు అప్పుడు రెండు దారులుంటాయి. ఇంజను ఎలాగూ నడుస్తోంది కదా అని అలాగే అమ్మవచ్చు, కొనేవాడు గమనించకపోవచ్చు కూడా. లేదా కొత్త కేబులు తెచ్చి, బ్రేకు సరిచేసి, చేతిగడియారం చూస్తూ బ్లేడు ఆగే వేళను లెక్కపెట్టవచ్చు. రెండో దారికి ఇంకొక సాయంకాలం ఖర్చవుతుంది, లాభంలో కొన్ని డాలర్లు తగ్గుతాయి. ఈ వ్యాపకంలో మనిషి తేలేది ఆ సాయంకాలమే.

బ్లేడు విషయంలోనూ ఇదే నీతి. ముందు స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీయనిదే బ్లేడుమీద చెయ్యి వేయరు. లేకపోతే బ్లేడును తిప్పినప్పుడు ఇంజను హఠాత్తుగా మేల్కొనవచ్చు. ఆకురాయితో అంచును సాన పట్టాక, గోడకు కొట్టిన మేకుకు బ్లేడును నడిమి రంధ్రంతో తగిలిస్తారు. ఒకవైపు వాలితే ఆ వైపు బరువు ఎక్కువ. మరికాస్త అరగదీయాలి. ఈ సమతూకం కుదరని బ్లేడు ఇంజనును వణికించి, కాలక్రమాన ఇరుసు బేరింగులను పాడుచేస్తుంది. పగులు కనిపించిన బ్లేడును ఎవరూ అతికించరు, పారేస్తారు. ఇంజనును మూసిన గ్యారేజీలో నడపరు. అందులోంచి వచ్చే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు.

లాభనష్టాల లెక్క

దీనివల్ల ధనవంతులయ్యే మాట కల్ల. ఉచితంగా దొరికిన యంత్రానికి ప్లగ్, ఫిల్టరు, ఆయిలు, అవసరమైతే కార్బురేటరు కలిపి ముప్పయి, నలభై డాలర్లు పెట్టి, వందకు అటూ ఇటూగా అమ్మారనుకుందాం. నాలుగు గంటల శ్రమకు వచ్చేది హోటల్లో వడ్డనవాడి కూలికి మించదు. గ్యారేజీ నిండా పడి ఉన్న చక్రాలూ పిడులూ చూసి ఇంటి ఇల్లాలు వేసే ప్రశ్నలు ఇందులో చేర్చలేదు! వ్యాపకమైనా సరే, వచ్చిన ఆదాయాన్ని పన్ను లెక్కల్లో చూపాలని అమెరికా చట్టం. తెలివైనవాళ్ళు ఆకు రాలే కాలంలో కొని, చలికాలమంతా బాగుచేసి, గడ్డి మొలిచే ఏప్రిల్‌లో అమ్ముతారు. కొనేవాళ్ళలో కొత్తగా ఇల్లు కట్టుకున్న దంపతులుంటారు, ఇరుగుపొరుగు ఇళ్ళ గడ్డి కోసి నాలుగు డబ్బులు సంపాదించుకునే కుర్రవాళ్ళుంటారు. వారికి నాలుగు వందల డాలర్ల కొత్త యంత్రం అందని పండు.

ఈ వ్యాపకానికి ఇప్పుడు కాలం ఎదురు తిరుగుతోంది. పెట్రోలు మోవరును ఒక గంట నడిపితే, కారులో సుమారు 300 మైళ్ళు ప్రయాణించినంత పొగమంచు కాలుష్యం పుడుతుందని కాలిఫోర్నియా వాయు వనరుల మండలి లెక్కగట్టింది. ఆ రాష్ట్రం 2021లో చట్టం చేసి, 2024 నుంచి తయారయ్యే కొత్త చిన్న ఇంజన్లలో చాలావాటికి పొగ బొత్తిగా ఉండరాదని నిర్ణయించింది. ఉన్న పాతవాటిని వాడుకోవడాన్ని ఆ నియమం నిషేధించలేదు. హోండా కంపెనీ 2023లో అమెరికాలో పెట్రోలు మోవర్ల తయారీ నిలిపివేసింది. బ్యాటరీ యంత్రాలు నిశ్శబ్దంగా ఆ చోటు ఆక్రమిస్తున్నాయి.

పాతదాన్ని బతికించడం మేలా, కీడా? సూటిగా చెప్పాలంటే రెండూ ఉన్నాయి. శుభ్రమైన ఫిల్టరుతో, సరిగా కుదిర్చిన కార్బురేటరుతో నడిచే ఇంజను, పట్టించుకోని ఇంజనుకంటె తక్కువ పొగ వదులుతుంది. అయినా అది బ్యాటరీ యంత్రమంత నిర్మలం కాలేదు. మరోవైపు ఒక జెట్ మూసుకుపోయినంత మాత్రాన ఇరవై కిలోల ఉక్కూ అల్యూమినియమూ తుక్కులోకి పోవడం కూడా న్యాయం కాదు. రేపు బ్యాటరీ యంత్రాలూ పాతబడి రోడ్డుపక్కకు వస్తాయి. వాటిని విప్పి చూసే వీలు తయారీదారులు ఉంచుతారా అన్నదే అప్పటి ప్రశ్న.

ప్రస్తుతానికి, పాత యంత్రం కొనబోయేవారికి ఈ విద్యలో ఆరితేరినవారు చెప్పే మాట ఒకటుంది. అమ్మేవాడి ఇంటికి వెళ్ళగానే, బేరం మొదలుపెట్టకముందే ఇంజనుమీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే అనుమానించండి, ఎందుకంటే వేడెక్కిన ఇంజను తన లోపాలను దాచుకుంటుంది. నిజాయితీపరుడు మీరు వచ్చేదాకా తాడు ముట్టుకోడు. చల్లని యంత్రాన్ని మీ ముందుకు తోసి, “మీరే లాగండి” అంటాడు.