బర్నింగ్ స్టార్: ట్రోల్ చేద్దామని వెళ్లి ఫ్యాన్స్ అయ్యాం

గుండె, లివర్ కలిపి ఎవరైనా సినిమాకు పేరు పెడతారా? పెట్టారు. ‘హృదయ కాలేయం’. హీరో ‘బర్నింగ్ స్టార్’ సంపూర్ణేష్ బాబు, డైరెక్టర్ పేరు స్టీవెన్ శంకర్. ఫేస్‌బుక్‌లో పోస్టర్ చూసి ఇది నిజం సినిమానా, ఎవడో ఫొటోషాప్‌లో చేసిన జోకా అని మా ఇంటర్ బ్యాచ్‌లో పెద్ద చర్చే నడిచింది. రాజమౌళి ట్వీట్ చేశాక గానీ నమ్మబుద్ధి కాలేదు. 2014 ఏప్రిల్ 4న సినిమా రానే వచ్చింది. వెక్కిరిద్దామని వెళ్లినోళ్లం విజిల్స్ వేసి బయటికొచ్చాం.

కరీంనగర్‌లో హైదరాబాద్ బస్సెక్కితే దారిలో సిద్దిపేట తగుల్తది. దాని పక్కన మిట్టపల్లే మనోడి ఊరు. అసలు పేరు నరసింహాచారి. మా కరీంనగర్‌లోనే పుట్టి బొంబాయి వెళ్లిన పైడి జైరాజ్ రాజుల వేషాలేసి ఫాల్కే అవార్డు దాకా వెళ్లారు. ఆయనది హీరో పర్సనాలిటీ. సంపూది మాత్రం మన బస్టాండ్‌లో రోజూ కనిపించే ముఖం.

అసలు కిక్కంతా అందులోనే ఉంది. పెద్ద హీరోలు చేస్తే మనం ఈలలేసే బిల్డప్పులే ఈ ముఖం మీద పెట్టేసరికి అవెంత అడ్డగోలుగా ఉంటాయో తెలిసింది. సంపూ ఎక్కడా కమెడియన్‌లా కన్ను కొట్టడు, వెకిలిగా నవ్వడు. ‘కొబ్బరిమట్ట’ (2019)లో మూడు పాత్రలు చేశాడు. అందులో మూడు నిమిషాలకు పైగా ఆగకుండా చెప్పిన డైలాగ్ ఒకటుంది. మా ఆఫీసులో ఐదు నిమిషాల డెమోకే నాకు గొంతు ఎండిపోతుంది, మనోడు ఊపిరి కూడా సీరియస్‌గానే పీల్చాడు.

మధ్యలో ‘సింగం 123’ లాంటివి చేశాడు. బిగ్‌బాస్ మొదటి సీజన్‌లో ఉండలేక బయటికొచ్చేస్తే అప్పుడు తెగ ట్రోల్ చేశాం. 2017 జనవరి 26న ఆంధ్రాకు ప్రత్యేక హోదా కోసం వైజాగ్ ఆర్కే బీచ్‌కు వెళ్లి పోలీసుల చేతిలో అరెస్టయ్యాడు. తెలంగాణోడికి అక్కడేం పని అన్నోళ్లూ ఉన్నారు.

2023 అక్టోబర్‌లో ‘మార్టిన్ లూథర్ కింగ్’ వచ్చింది. తమిళ ‘మండేలా’కు రీమేక్. ఊళ్లో ఓట్లు సరిసమానమై, అందరూ తొక్కేసిన ఓ చెప్పులు కుట్టేవాడి ఒక్క ఓటు మీద గెలుపు ఆగిపోయే కథ. బిల్డప్ లేదు, బిరుదు లేదు, చిన్న చిన్న చూపులతో సినిమా మోశాడు. మరి మనమేం చేశాం? మీమ్‌లకు కోట్లలో లైకులు కొట్టినోళ్లం టికెట్ దగ్గర మాయమైపోయాం. నేనూ ఓటీటీలోనే చూశాను, సిగ్గుగానే ఉంది.

‘హృదయ కాలేయం’ తీసిన సాయి రాజేష్ (స్టీవెన్ శంకర్ ఆయనే) తర్వాత ‘బేబీ’ స్క్రీన్‌ప్లేకి జాతీయ అవార్డు అందుకున్నాడు. సంపూని మాత్రం ఇప్పటికీ చాలామంది ‘ఆ జోక్ హీరోనా?’ అనే అడుగుతారు.

2020 లాక్‌డౌన్‌లో షూటింగులు బంద్ అయినప్పుడు ఆ జోక్ హీరో మళ్లీ తన పాత కంసాలి పనిముట్లు తీశాడు. ఇంట్లోవాళ్లకు తన చేత్తోనే వెండి నగలు చేసి ఫొటోలు పెట్టాడు. వాటిలో కూడా ముఖం అంతే సీరియస్.