ఇరవై రెండేళ్లకే రిటైర్‌మెంట్.. ఆ తర్వాతే అసలు కెరియర్!

ఆరేళ్లకే ఆస్కార్. ఏడేళ్లు వచ్చేసరికి హాలీవుడ్‌లో అందరికంటే ఎక్కువ టిక్కెట్లు తెగే తార. ఇరవై రెండేళ్లకు సినిమాలకు గుడ్‌బై. రెజ్యుమె అక్కడితో ఆగిపోయి ఉంటే షిర్లీ టెంపుల్ గురించి ఈ పేజీలో రాయాల్సిన పనిలేదు, సినిమా పేజీవాళ్లు చూసుకునేవారు. కానీ ఆమె ఆ తర్వాత ఐక్యరాజ్యసమితిలో అమెరికా ప్రతినిధిగా కూర్చున్నారు. రెండు దేశాలకు రాయబారిగా వెళ్లారు. అందులో ఒక దేశంలో ప్రభుత్వం కూలిపోవడాన్ని దగ్గరుండి చూశారు.

షిర్లీ 1928 ఏప్రిల్ 23న కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో పుట్టింది. మూడేళ్లకే డ్యాన్స్ స్కూల్ నుంచి నేరుగా షూటింగ్‌కి. ఆ తొలి చిట్టి సినిమాల సెట్లో మాట వినని పిల్లల్ని ఐసుగడ్డ పెట్టిన చీకటి పెట్టెలో కూర్చోబెట్టేవారని 1988లో వచ్చిన ఆత్మకథ ‘చైల్డ్ స్టార్’లో ఆమే రాసుకున్నారు. 1934లో ‘బ్రైట్ ఐస్’ వచ్చింది. ఆర్థిక మాంద్యంతో ఉద్యోగాలు పోయి జనం అల్లాడుతున్న రోజులవి. రింగుల జుట్టు పాప తెరమీద గంతులేస్తుంటే థియేటర్లు నిండిపోయాయి. ఆ రింగులు లెక్కగా 56. తల్లి రోజూ కూర్చుని చుట్టేది. పాప ఇంకా పసిదే అనిపించడానికి వయసు కూడా ఒక ఏడాది తగ్గించి చెప్పారు. ఆ సంగతి పాపకే తెలియదు! పన్నెండో పుట్టినరోజు అనుకున్నప్పుడు తనకు పదమూడు నిండాయని తెలిసింది.

ఇక డబ్బు సంగతి. ఇది కాస్త నిదానంగా చదవండి. బాలనటిగా ఆమె సంపాదన సుమారు 32 లక్షల డాలర్లు. పెద్దయ్యాక లెక్కలు తీసి చూస్తే మిగిలింది దాదాపు 44 వేలు. అంటే నూటికి ఒకటిన్నర కూడా కాదు. తండ్రి బ్యాంకు ఉద్యోగం చేసిన మనిషే. అయినా ఇంటి ఖర్చులకీ, తప్పుడు సలహాలతో పెట్టిన పెట్టుబడులకీ అంతా కరిగిపోయింది. ఆమె తండ్రిమీద కేసు వేయలేదు. చాప్లిన్ ‘ది కిడ్’లో నటించిన జాకీ కూగన్‌ది కూడా ఇదే కథ. అతను మాత్రం 1938లో తల్లి మీదా, మారుతండ్రి మీదా కోర్టుకెక్కాడు. ఆ గొడవ వల్లే 1939లో బాలనటుల సంపాదనకు రక్షణగా కాలిఫోర్నియాలో చట్టం వచ్చింది. మన దగ్గర 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం బాలనటుల సంపాదనలో కనీసం 20 శాతం వాళ్ల పేరిట జాతీయ బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయాలి. రోజుకు ఐదు గంటలకు మించి పని చేయించకూడదు. టీవీ డ్యాన్స్ షోలు చూసే ఇళ్లలో ఈ రూల్ ఎంతమందికి తెలుసో!

టీనేజీలో సినిమాలు తగ్గాయి. ‘బేబీ’ అన్న మాట పేరుకు ఒకసారి అతుక్కుంటే ఊడటం కష్టం. మన బేబీ శ్రీదేవిలా హీరోయిన్‌గానూ నిలబడేవాళ్లు తక్కువే. 1950లో షిర్లీ సినిమాలు వదిలేసి, చార్లెస్ బ్లాక్‌ను పెళ్లి చేసుకుని షిర్లీ టెంపుల్ బ్లాక్ అయ్యారు. ముగ్గురు పిల్లలు, మధ్యలో ఒక టీవీ కార్యక్రమం. 1967లో అమెరికా కాంగ్రెస్ ఉపఎన్నికలో పోటీచేసి సొంత పార్టీవాడైన పీట్ మెక్‌క్లోస్కీ చేతిలో ఓడిపోయారు. సినిమా మొహం ఓట్లు తేలేదన్నమాట.

ఆ తర్వాత పార్టీ కోసం విరాళాలు సేకరించారు. ఒక విందులో ఆమె నైరుతి ఆఫ్రికా, అంటే ఇప్పటి నమీబియా గురించి మాట్లాడుతుంటే హెన్రీ కిసింజర్ చెవిన పడింది. ఈవిడకు ఇవన్నీ తెలుసా అని ఆయన ఆశ్చర్యపోయారట. 1969లో అధ్యక్షుడు నిక్సన్ ఆమెను ఐరాస సర్వసభ్య సమావేశానికి ప్రతినిధిగా పంపారు. పేరు, పార్టీ పరిచయాలు తలుపు తీశాయన్నది నిజం, దాచాల్సిన పనిలేదు. అయితే ఆ విందులో నమీబియా గురించి చదివి ఉండటం మాత్రం ఆమె సొంత కష్టమే.

1972లో రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగితే ఆ విషయం బయటికి చెప్పారు. అప్పట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవారు కాదు.

1974లో ఘనాకు రాయబారిగా వేసినప్పుడు దౌత్యరంగంలో చాలామంది పెదవి విరిచారు. మన దగ్గర రాయబారి అంటే ఎక్కువగా యూపీఎస్సీ రాసి ఐఎఫ్ఎస్‌లో చేరి, ఏళ్ల తరబడి మెట్లెక్కినవాళ్లే. అమెరికాలో అధ్యక్షుడు బయటివాళ్లనూ ప్రతిపాదించవచ్చు, సెనేట్ ఆమోదిస్తే చాలు. కాబట్టి ఆ అనుమానం అన్యాయమేమీ కాదు. అయినా ఘనాలో ఆమె పని చూశాక నోళ్లు మూతపడ్డాయి. 1976లో ప్రోటోకాల్ చీఫ్ అయ్యారు, ఆ పదవిలో తొలి మహిళ ఆమే. విదేశీ నేతలు వస్తే ఎవరు స్వాగతం పలకాలి, ఎక్కడ దించాలి, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలి.. ఇవన్నీ చూసే ఉద్యోగమది. వినడానికి పెళ్లి మర్యాదల్లా ఉంటుంది కానీ, ఒక్క కుర్చీ తేడా వస్తే దేశాల మధ్య పేచీ. 1980ల్లో కొత్తగా నియమితులైన రాయబారులకు శిక్షణ తరగతులు నడిపిందీ ఆమే.

అసలు పరీక్ష ప్రాగ్‌లో వచ్చింది. తమ్ముడు కాదు, అన్న జార్జ్‌కు మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉండటంతో ఆ రోగుల సంఘాల పనిమీద ఆమె 1968 ఆగస్టులో చెకోస్లోవేకియా వెళ్లారు. సంస్కరణలు తెచ్చిన నేత డుబ్చెక్‌ను కలవాల్సి ఉండగా సోవియట్ ట్యాంకులు ఊళ్లోకి దిగాయి. చేతిలో ఏమీ లేని ఒక మహిళను సైనికులు కాల్చడం ఆమె హోటల్ నుంచి కళ్లారా చూశారు. కార్ల వరుసలో కలిసి దేశం దాటారు.

సరిగ్గా 21 ఏళ్లకు, 1989 ఆగస్టులో, అదే ప్రాగ్‌కు అమెరికా రాయబారిగా వెళ్లారు. నవంబరు 17న కాలేజీ విద్యార్థులు ఊరేగింపుగా కదిలితే పోలీసులు చితకబాదారు. అంతే, జనం వీధుల్లోకి వచ్చేశారు. డిసెంబరు 28న డుబ్చెక్ పార్లమెంటు అధ్యక్షుడయ్యారు. మర్నాడు వాత్స్లావ్ హావెల్ దేశాధ్యక్షుడయ్యారు. షిర్లీ 1992 దాకా అక్కడే పనిచేశారు. వెనక్కి వచ్చేనాటికి ఆమెకు 64 ఏళ్లు.