మరణానంతరం ఆస్తి బదిలీ: ఏ కాగితం ఏం చేస్తుంది?

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఒక వ్యక్తి మరణించాక ఏ పత్రం ఎక్కడ, ఎందుకు తీసుకోవాలో వివరించగలుగుతారు.
• ప్రొబేట్, వారసత్వ ధృవపత్రం, కుటుంబ సభ్యుల ధృవపత్రం మధ్య తేడా చెప్పగలుగుతారు.
• వీలునామా లేనప్పుడు హిందూ కుటుంబంలో వాటాలు లెక్కించగలుగుతారు.

1. పరిచయం

ఇంట్లో ఒకరు పోయి దినాలు ముగిసేసరికి కాగితాల పని మొదలవుతుంది. బ్యాంకులో ఒక పత్రం అడుగుతారు, తహసీల్దారు కార్యాలయంలో ఇంకొకటి, కోర్టులో మరొకటి. వీటిని రెండు తరగతులుగా విడదీసి చూడాలి. కొన్ని పత్రాలు డబ్బు చెల్లించేవారికి, రికార్డు రాసేవారికి రక్షణగా ఉంటాయి. ఆస్తి ఎవరిదో తేల్చేవి వేరు. ఈ తేడా తెలియకపోతే నష్టపోయేది ఎక్కువగా పెళ్ళై వెళ్ళిన కూతురు, వయసు మళ్ళిన తల్లి.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. ముద్దనూరు మండలంలో ఒక హిందూ రైతు ఇటీవల మరణించాడు. ఆయనకు 10 ఎకరాల నల్లరేగడి భూమి, బ్యాంకులో డిపాజిట్, కొన్ని కంపెనీ షేర్లు ఉన్నాయి. తల్లి, భార్య, ఇద్దరు కొడుకులు, ప్రొద్దుటూరులో ఇచ్చిన కూతురు ఉన్నారు. డిపాజిట్‌కు పెద్దకొడుకు నామినీ. పాఠమంతా ఈ కుటుంబాన్నే దృష్టిలో ఉంచుకోండి.

2. మొదటి రెండు పత్రాలు

మరణ ధృవపత్రం: జనన మరణాల నమోదు చట్టం, 1969 ప్రకారం మరణాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి. ఆ తరువాత 30 రోజుల వరకు ఆలస్య రుసుముతో నమోదు చేస్తారు. 30 రోజులు దాటితే పై అధికారి అనుమతి, ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి. ఇంట్లోనే పోయిన పెద్దవాళ్ళ విషయంలో ఈ గడువును మరిచిపోవడం మామూలు. పేరు ఆధార్‌లో, పాసుపుస్తకంలో ఉన్నట్టే నమోదయ్యేలా చూసుకోవాలి. ఇంటిపేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా తరువాతి ప్రతి కార్యాలయంలోనూ అడ్డు తగులుతుంది.

కుటుంబ సభ్యుల ధృవపత్రం: సచివాలయం లేదా మీసేవ ద్వారా దరఖాస్తు చేస్తే విచారణ జరిపి తహసీల్దారు ఇస్తారు. మృతుని కుటుంబంలో ఎవరెవరు ఉన్నారో ఇది చెబుతుంది. ఎవరి వాటా ఎంతో చెప్పదు. ఇందులో పేరు లేనంత మాత్రాన కూతురి హక్కు పోదు. పేరు ఉన్నంత మాత్రాన కొత్త హక్కు పుట్టదు.

3. వీలునామా ఉంటే ప్రొబేట్ కావాలా?

వీలునామా నిజమైనదని కోర్టు ధృవీకరించి ఇచ్చే పత్రమే ప్రొబేట్. భారత వారసత్వ చట్టం, 1925 హిందువుల వీలునామాలకు దీన్ని అన్నిచోట్లా తప్పనిసరి చేయలేదు. ఆ నిర్బంధం బెంగాల్ ప్రాంతానికి, మద్రాసు, బొంబాయి హైకోర్టులు నేరుగా సివిల్ దావాలు విచారించే నగర పరిధికి మాత్రమే వర్తించింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా కడప జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నా, ఈ నిబంధన మద్రాసు నగరం దాటి ఇక్కడికి రాలేదు. ఆ నిర్బంధానికి ఆధారమైన 213వ సెక్షన్‌ను తొలగించే బిల్లును పార్లమెంటు 2025 డిసెంబరులో ఆమోదించింది.

కాబట్టి ముద్దనూరు రైతు తన ఊరి భూమి గురించి రాసిన వీలునామాకు ప్రొబేట్ అవసరం లేదు. అయితే ఎవరైనా సవాలు చేస్తే దానిని కోర్టులో రుజువు చేయవలసిందే. వీలునామాపై ఇద్దరు సాక్షుల సంతకాలుండాలి. వారిలో కనీసం ఒకరు బతికి, కోర్టుకు రాగల స్థితిలో ఉంటే వారి చేత సాక్ష్యం చెప్పించాలి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కాని, చేయించడం మేలు.

4. వీలునామా లేకపోతే వాటాలు

హిందూ వారసత్వ చట్టం, 1956 ప్రకారం తల్లి, భార్య, కొడుకులు, కూతుళ్ళు మొదటి తరగతి వారసులు. భూమి మృతుని స్వార్జితమైతే మన ఉదాహరణలో ఐదుగురికీ సమానంగా తలా 2 ఎకరాలు వస్తాయి. తల్లిని లెక్కలోకి తీసుకోకుండా నాలుగు భాగాలు చేయడం పల్లెల్లో తరచుగా జరిగే పొరపాటు.

భూమి పిత్రార్జితమైతే లెక్క మారుతుంది. అవివాహిత కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో సమాన హక్కునిస్తూ ఆంధ్రప్రదేశ్ 1986లోనే చట్టాన్ని సవరించింది. 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణ పెళ్ళైన కూతుళ్ళకూ ఆ హక్కునిచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండనవసరం లేదని సుప్రీంకోర్టు 2020లో వినీతా శర్మ కేసులో స్పష్టం చేసింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పత్రం ద్వారా గాని, కోర్టు డిక్రీ ద్వారా గాని జరిగిన పంపకాలను మాత్రం ఈ సవరణ కదిలించదు.

ఇప్పుడు లెక్క చూడండి. మొదట తండ్రి, ఇద్దరు కొడుకులు, కూతురు – నాలుగు భాగాలు, తలా రెండున్నర ఎకరాలు. తరువాత తండ్రి భాగమైన రెండున్నర ఎకరాలను ఐదుగురు వారసులకు పంచితే తలా 50 సెంట్లు. మొత్తం మీద కొడుకులకు, కూతురికి తలా 3 ఎకరాలు, తల్లికి, భార్యకు చెరి 50 సెంట్లు. భూమి స్వార్జితమా, పిత్రార్జితమా అన్న ఒక్క ప్రశ్న మీద ఆ ఇద్దరు స్త్రీలకు ఒక్కొక్కరికి ఎకరన్నర తేడా వస్తుంది. అందుకే మొదట పాత దస్తావేజులు వెతకాలి.

(ఈ లెక్క హిందువులకు సంబంధించినది. ముస్లింలకు వారి వైయక్తిక చట్టం, క్రైస్తవులకు 1925 చట్టం వర్తిస్తాయి.)

5. డబ్బు, షేర్లు

నామినీ ఉన్న డిపాజిట్‌ను తగిన పత్రాలు అందిన 15 రోజుల్లో బ్యాంకు పరిష్కరించాలన్నది రిజర్వు బ్యాంకు నియమం. నామినీకి చెల్లించడంతో బ్యాంకు బాధ్యత తీరుతుంది. కాని నామినీ ఆ డబ్బును వారసుల తరఫున అందుకున్నవాడే తప్ప యజమాని కాడు. షేర్ల విషయంలోనూ ఇంతేనని సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో తీర్పు చెప్పింది. మన ఉదాహరణలో పెద్దకొడుకు డిపాజిట్ మొత్తాన్ని ఐదు భాగాలు చేయాలి.

నామినీ లేకపోతే, చిన్న మొత్తాలకు బ్యాంకులు వారసుల సమ్మతి పత్రం, హామీ పత్రం తీసుకుని చెల్లిస్తాయి. పెద్ద మొత్తాలకు, తగాదా ఉన్నచోట కోర్టు ఇచ్చే వారసత్వ ధృవపత్రం అడుగుతాయి. దీనినే సక్సెషన్ సర్టిఫికెట్ అంటారు. మృతుడు చివరిదాకా సాధారణంగా నివసించిన ప్రాంతపు కోర్టులో దీనికి దరఖాస్తు చేయాలి. కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నా అక్కడ వేయడానికి వీల్లేదు. దరఖాస్తులో దగ్గరి బంధువులందరి పేర్లు, చిరునామాలు ఇవ్వాలి. ఎవరినైనా దాచిపెట్టి పొందిన ధృవపత్రాన్ని కోర్టు రద్దు చేయవచ్చు. ఇది మృతునికి రావలసిన బాకీలకు, షేర్ల వంటి సెక్యూరిటీలకు మాత్రమే పనికివస్తుంది. భూమికి పనికిరాదు.

6. భూమి

భూమి హక్కుల, పట్టాదారు పాసుపుస్తకాల చట్టం, 1971 ప్రకారం వారసత్వంగా హక్కు పొందినవారు 90 రోజుల్లోగా తహసీల్దారుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. తహసీల్దారు నోటీసు ఇచ్చి, అభ్యంతరాలు విచారించి 1బి రికార్డులో పేర్లు మారుస్తారు. దీనినే మ్యుటేషన్ అంటాం. ఆ ఉత్తర్వు నచ్చనివారు ఆర్డీవోకు అప్పీలు చేసుకోవచ్చు. ముద్దనూరు మండలానికి ఆ కార్యాలయం జమ్మలమడుగులో ఉంది.

రికార్డులోని నమోదును తప్పని రుజువయ్యేదాకా నిజమని భావిస్తారు. కాబట్టి అన్నదమ్ముల పేర్లే ఎక్కితే రుజువు భారం చెల్లెలి మీద పడుతుంది. అభ్యంతరం నోటీసు దశలోనే చెప్పడం మంచిది. మరొక జాగ్రత్త: స్థిరాస్తిలో వాటా వదులుకునే పత్రం రిజిస్టరు కావాలి. పసుపు కుంకుమల మాట చెప్పి తెల్లకాగితం మీద పెట్టించుకున్న సంతకం అందుకు సరిపోదు.

పొరుగున గండికోట జలాశయం కింద ఊళ్ళు మునిగినట్లుగా, భూసేకరణ ఎప్పుడైనా రావచ్చు. పరిహారం ఎవరికి చెందాలో వారసులు తేల్చుకోలేకపోతే, 2013 భూసేకరణ చట్టం ప్రకారం ఆ డబ్బును సంబంధిత అథారిటీ వద్ద జమచేస్తారు. తగాదా తెగేదాకా అది ఎవరి చేతికీ రాదు.

7. తగాదా వస్తే

వాటా ఎంతో తేల్చేది సివిల్ కోర్టు. ఉమ్మడి కుటుంబ ఆస్తి నుంచి తనను తప్పించారని తెలిసిన నాటి నుంచి 12 ఏళ్ళలోగా దావా వేయాలి. స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. ఇందుకు 15100 నంబరుకు ఫోన్ చేయవచ్చు. అందరూ రాజీకి వస్తే లోక్ అదాలత్‌లో తేల్చుకోవచ్చు. దాని అవార్డుకు కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంది, దానిపై అప్పీలు లేదు.

8. సారాంశం

మరణ ధృవపత్రం మరణాన్ని, కుటుంబ సభ్యుల ధృవపత్రం బంధుత్వాన్ని తెలియజేస్తాయి. నామినేషన్, వారసత్వ ధృవపత్రం డబ్బు చెల్లించేవారికి రక్షణనిస్తాయి. మ్యుటేషన్ రికార్డును మారుస్తుంది. హక్కు మాత్రం వీలునామా నుంచి లేదా వారసత్వ చట్టం నుంచి వస్తుంది. ఏ కార్యాలయంలో సంతకం పెట్టేముందైనా "ఈ కాగితం నా వాటాను ఏం చేస్తుంది?" అని అడిగి తెలుసుకోండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నామినీకి, వారసునికి గల తేడాను ఉదాహరణతో వివరించండి.
2. పై ఉదాహరణలో తల్లి ముందే మరణించి ఉంటే, భూమి స్వార్జితమైనప్పుడు, పిత్రార్జితమైనప్పుడు ఎవరి వాటా ఎంతో లెక్కించండి.
3. మీ కుటుంబంలోని ఒక భూమి 1బి నకలు తీసుకుని, అందులో ఎవరి పేర్లున్నాయో, చట్టప్రకారం ఎవరి పేర్లుండాలో పోల్చి రాయండి.