ఈ పాత పెట్టె అసలు దేనికి చేశారు?

ఓడెక్కి తిరిగిన పెట్టెకీ, ఇంట్లోనే పుట్టి ఇంట్లోనే ఉండిపోయిన పెట్టెకీ తేడా కంటితోనే పట్టుకోవచ్చని మీకు తెలుసా? పెట్టెకు పక్కగా నిలబడి చూడండి. ముందు పలక, వెనక పలక నిటారుగా ఉంటే అది ఇంటి పెట్టె. అడుగు వెడల్పుగా ఉండి పైకి వచ్చేకొద్దీ పలకలు లోపలికి వాలితే మాత్రం అది సముద్రం కోసం చేసినదయ్యే అవకాశం చాలా ఎక్కువ. అలలకు ఓడ ఊగుతుంటే నిటారు పెట్టె తేలిగ్గా ఒరుగుతుంది. అడుగు వెడల్పైతే బరువంతా కిందే ఉండి కదలకుండా నిలుస్తుంది. ఇరుకు గదిలో మనిషి దాని ముందునుంచి నడిచినా మోకాలి కింద ఎముకకు అంచు తగలదు. ఇక పిడులు చూడండి. ఓడ పెట్టెకు తరచుగా ఇనప కడియాలకు బదులు, రెండు పక్కలా దిట్టమైన చెక్క దిమ్మలు బిగించి వాటిలోంచి తాడు పిడులు దూర్చేవారు. ఇప్పుడు ఆ తాళ్లు ఉండవు. దిమ్మలకు తాడు ఒరిపిడితో నునుపెక్కిన చిల్లులు మిగులుతాయి. ఆ చిల్లులే సాక్ష్యం.

ఈ సంగతి కొత్తపట్నం లాంటి ఊళ్లో తెలిసి ఉండటం అవసరం. ఒంగోలుకు తూర్పున, సముద్రం ఒడ్డున ఉన్న ఈ ఊరు ఒకప్పుడు చిన్న రేవు. ఇదే తీరం వెంట ఉత్తరంగా వెళితే మోటుపల్లి. పదమూడో శతాబ్దంలో కాకతీయ గణపతిదేవుడు విదేశీ వర్తకులకు అభయమిస్తూ శాసనం వేయించిన రేవు అది. ఇంకాస్త పైకి వెళితే 1606లో డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు వర్తకానికి దిగిన నిజాంపట్నం. ఇంతమంది ఓడలవాళ్లు దిగిన తీరంలో, ఏ పాతింటి అటక మీదైనా వాలు పలకల పెట్టె కనబడితే దాన్ని ఉల్లిపాయలు పోసుకునే డబ్బాగా చూడకూడదని నా గట్టి అభిప్రాయం.

మూత తీయగానే ముక్కుకు ఘాటుగా కర్పూరం తగిలే పెట్టెలు కూడా కోస్తా ఇళ్లలో అక్కడక్కడా ఉన్నాయి. లోపల ఎవరూ కర్పూరం పెట్టలేదు, చెక్కే కర్పూరపు చెట్టుది. చీనాలో తయారై రంగూను, సింగపూరు బజార్లకు వచ్చే ఈ పెట్టెల్ని పట్టుబట్టలు, ఉన్ని బట్టలు దాచడానికే చేసేవారు. ఆ వాసనకు బట్టల పురుగు దగ్గరకు రాదు. మన కోస్తావాళ్లు పొట్ట చేతపట్టుకుని రంగం, అంటే రంగూను, వెళ్లిన రోజుల్లో తిరిగొచ్చేటప్పుడు తెచ్చుకున్న సామానులో ఇవీ ఉండేవి. 1941 డిసెంబరులో రంగూను మీద జపాను బాంబులు పడ్డాక కట్టుబట్టలతో పరిగెత్తి వచ్చిన వాళ్లకు ఆ అదృష్టం లేదు. కాబట్టి ఇంట్లో అలాంటి పెట్టె ఉంటే అది అంతకు ముందు ప్రయాణాల్లో వచ్చినదని అనుకోవడం సబబు. దానికి లోపలివైపు రంగు గానీ వార్నిష్ గానీ వేయించకండి. వాసన చచ్చిపోతే పెట్టె చేసిన పనే పోయినట్టు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను: భోషాణం. గుంటూరు, ఒంగోలు పల్లెల్లో పాత మండువా ఇల్లు పడగొట్టిన ప్రతిచోటా ఇది బయటపడుతుంది. మనుమలు చూసి ధాన్యం పోసుకునే పెట్టె అంటారు. చాలావరకు అది పొరపాటు. ఈ నల్లరేగడి నేలల్లో ధాన్యానికి గాదెలున్నాయి, పురులున్నాయి, జొన్నలకు నేలలో తవ్విన పాతరలున్నాయి. ధాన్యానికి అంత మందపు టేకు పలకలెందుకు, అరచేతి వెడల్పు తాళం కప్ప ఎందుకు? తాళం ఎంత బలంగా ఉందో చూస్తే లోపల ఏముండేదో సగం తెలుస్తుంది. భోషాణంలో పెట్టింది ఇత్తడి, రాగి సామాను, పెళ్లి పట్టుచీరలు, వెండి, భూమి దస్తావేజులు, ప్రామిసరీ నోట్లు. మూత తీసి లోపల పైఅంచు దగ్గర ఒక పక్కకు చేయి పెట్టండి. చాలా పెట్టెల్లో అక్కడ చిన్న అర ఉంటుంది, దానికి వేరే మూత. నగలూ నాణేలూ అందులో. కొన్నిటికి ఆ అర అడుగున ఇంకో దొంగ అర. పెట్టెను బయటినుంచి కొలిచినదానికీ లోపలినుంచి కొలిచినదానికీ పలక మందం పోను లెక్క కుదరకపోతే, మధ్యలో చోటు దాచారన్నమాట.

భోషాణం ఎత్తు ఎప్పుడైనా గమనించారా? ఇంచుమించు మంచం ఎత్తు. పై పలక మధ్యభాగం అరిగి, అద్దంలా మెరుస్తూ, అంచుల దగ్గర మాత్రం గరుకుగా ఉంటే దాని మీద ఏళ్ల తరబడి మనిషి పడుకున్నాడని అర్థం. ఇంటి పెద్ద పరుపు వేసుకుని దాని మీదే నిద్రపోయేవాడు. ఆయన లేవనిదే పెట్టె తెరుచుకోదు. కొన్నిటికి అడుగున చెక్క చక్రాలుంటాయి. నిండిన పెట్టెను నలుగురు కూడా ఎత్తలేరు, దొర్లించుకుపోవాలి. తాటాకు, బోద కప్పుల ఇళ్లు వేసవిలో వీధికి వీధి తగలబడిపోయే ఊళ్లలో ఆ చక్రాల విలువేమిటో వేరే చెప్పాలా? చక్రాలు లేనివాటికి పొట్టి కాళ్లుంటాయి. అవి చెదలకూ చెమ్మకూ దూరంగా ఉంచడానికి.

ఒక హెచ్చరిక. భోషాణం విషయంలో వాసనను నమ్మి తీర్పు చెప్పకండి. పనికిరాదనుకున్న రోజుల్లో అందులో ఎండుమిరపకాయలు పోసి ఉండొచ్చు, పత్తి గింజలు పోసి ఉండొచ్చు. అది ఆఖరి పని, మొదటి పని కాదు. అరుగుదల, తాళం, అరలు, ఎత్తు: ఈ నాలుగూ కలిసి ఒకే మాట చెబితేనే నమ్మండి.

నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే ఒళ్లోకి వచ్చేంత ఎత్తులో, పై పలక మనవైపుకు వాలుగా ఉన్న చిన్న పెట్టె మీ ఇంట్లో ఉందా? పిల్లలు దాని మీద హోంవర్కు చేసుకుని ఉంటారు, లేదా పూజ గదిలో దేవుడి పటాలకు ఎత్తుపీట అయి ఉంటుంది. అది రాతపెట్టె. వాలు పలక పైభాగాన సన్నటి చదును పట్టీ, దానిలో కలానికి గాడి, సిరాబుడ్డికి గుండ్రటి గుంట ఉంటాయి. గుంట చుట్టూ చెక్క నల్లగా మాడినట్టుంటే అది సిరా. ఇలాంటి పెట్టె ఎక్కువగా ఇద్దరి దగ్గర ఉండేది, ఊరి కరణం దగ్గర, షావుకారు గుమాస్తా దగ్గర. ఎవరిదో తేల్చడం కష్టం కాదు. మూత తీస్తే లోపల ఒకటే పెద్ద గది, చుట్టిన కాగితాలూ దఫ్తరాలూ పట్టేలా ఉంటే కరణం వైపు మొగ్గు. లోపల చిన్న చిన్న గిన్నెల్లా తొలిచిన గుంటలు వరసగా ఉంటే అది గుమాస్తా గల్లాపెట్టె. ఆ గుంటల అడుగు గుండ్రంగా ఎందుకు తొలిచారో తెలుసా? మూలలుంటే నాణెం వేలికి అందదు, గుండ్రటి గుంటలోంచి ఒక్క తోపుతో పైకి వస్తుంది. అన్ని గుంటలెందుకన్నదానికి జవాబు మన పాత లెక్కలో ఉంది: రూపాయికి 16 అణాలు, 64 పైసలు, 192 దమ్మిడీలు. రూపాయి, అర్ధ, పావలా, బేడ, అణా, కానీ అంటూ ఒక్కోదానికి ఒక్కో గుంట కావాలి. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి రూపాయికి నూరు అయ్యాక కొత్తగా చేసిన పెట్టెల్లో ఈ అమరిక మారిపోయింది. గుంటలు లెక్కపెడితే మీ పెట్టె వయసుకూ కొంత ఆధారం దొరుకుతుందన్నమాట.

కరణం పెట్టెల కథ వేరే. 1984 జనవరిలో ఎన్.టి. రామారావు ప్రభుత్వం మునసబు, కరణం పదవుల్ని రద్దు చేసింది. లెక్కలు సర్కారుకు వెళ్లాయి, పెట్టెలు ఇళ్లలో మిగిలాయి. తరాల తరబడి ఊరి భూముల చరిత్ర మోసిన చెక్క సామాను ఒక్కసారిగా పని లేనిదైపోయింది. ఇప్పుడు అవి ఎన్ని మిగిలాయో లెక్కపెట్టేవాళ్లు లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

పత్తి పండే సీమ కదా, ఇది కూడా చెప్పాలి. పుస్తకంలా తెరుచుకునే పలచని చెక్కపెట్టె, లోపల ఒకటి పెద్దది ఒకటి చిన్నది రెండు చక్రాలు, పక్కన సన్నటి ఇనప కదురు పెట్టుకునే చోటు. చూసినవాళ్లు గ్రామఫోను అనుకుంటారు, కుట్టుపని పెట్టె అనుకుంటారు. అది పెట్టె రాట్నం. ఎరవాడ చరఖా అని దాని పేరు. గాంధీజీ 1930 ప్రాంతంలో ఎరవాడ జైల్లో ఉన్నప్పుడు ఎక్కడికైనా చంకన పెట్టుకుపోగల రాట్నం కోసం పట్టుబట్టి రూపం దిద్దించినది. పెద్ద చక్రం ఒక్కసారి తిరిగితే చిన్న చక్రం అనేక చుట్లు, కదురు ఇంకా ఎన్నో చుట్లు తిరుగుతుంది. అందుకే అంత చిన్న పెట్టెలో నూలు తీయగలిగారు. 1921లో చీరాల పేరాల ఉద్యమం నడిచిన ప్రాంతం ఇది. మీ తాతల్లో ఎవరైనా ఖద్దరు కట్టి ఉంటే అటక మీద ఒకసారి వెతకండి.

చిల్లులు అబద్ధం చెప్పవు. కుర్చీ సీటు చట్రం చుట్టూ పెసరగింజంత బెజ్జాలు వరసగా ఉండి, పైన ఇప్పుడు పలక కొట్టి ఉంటే, అది పేము అల్లిక కుర్చీ. పట్టెమంచం నాలుగు కోళ్ల నెత్తిన చిల్లులుంటే పందిరికో దోమతెర కర్రలకో. బల్ల నడిమధ్య గుండ్రంగా కోసిన చిల్లు ఉంటే పూలకుండీకి కాదు, కుళాయిలు లేని రోజుల్లో ముఖం కడుక్కునే పింగాణీ బేసిను పెట్టడానికి. పాత ట్రావెలర్స్ బంగళాల నుంచి వేలంలో వచ్చినవి ఇవి. అదే వేలాల్లో చేతులున్న కుర్చీ, సీటు ఎత్తితే కింద గుండ్రటి ఖాళీ ఉన్నది దొరికితే మాత్రం ముందే తెలుసుకోండి: అది రాత్రిపూట దొడ్డికి వెళ్లే కుర్చీ, గుంటలో కుండ పెట్టేవారు. ఇంటి ముందుగదికి తెచ్చుకోవాలో వద్దో తర్వాత మీ ఇష్టం.

వంటింటి జాలీ బీరువా కాళ్లు కూడా చూడాలి. నాలుగు కాళ్లూ కింద రెండు వేళ్ల ఎత్తు వరకే నానిపోయి, ఉప్పు పేరినట్టు తెల్లటి గీత ఉంటే, అవి నీళ్ల గిన్నెల్లో నిలబడి ఉన్న కాళ్లు. చీమ ఎక్కకుండా ఆ ఏర్పాటు. పాలూ పెరుగూ పిల్లికి అందకుండా, గాలి మాత్రం ఆడేలా జాలీ. ఫ్రిజ్ రాకముందు అదే ఫ్రిజ్. పొడుగాటి దుంగకు కింద కొక్కేలు వరసగా, పైన రెండు కడియాలు ఉంటే బట్టలు తగిలించుకునేది అనుకోకండి, గుడ్డ కట్టి తాడుతో లాగే పంకా దూలం. ఆ గది గోడలో తాడు బయటికి పోయే చిల్లు కూడా వెతికితే దొరుకుతుంది.

మూలలకు ఇత్తడి రేకులు, చెక్కలోకి దిగబడిపోయిన పిడులు, మధ్యకు రెండు ముక్కలయ్యే సొరుగుల బీరువా ఎక్కడైనా కనబడితే అది మకాం సామాను. కలెక్టర్లు జమాబందికి తాలూకాలు తిరిగేటప్పుడు డేరాలతో పాటు బల్లలూ మంచాలూ విప్పి ఎడ్లబండ్ల మీద వేసుకుపోయేవారు. పిడులు బయటికి పొడుచుకువస్తే పక్కవాటికి గీసుకుంటాయి, అందుకే లోపలికి దించారు. కాళ్లు మరమేకులా తిప్పితే ఊడివస్తాయి. విప్పి మోసుకుపోవాలన్న ఆలోచన తెల్లవాళ్లు కనిపెట్టిందేమీ కాదు. 1922లో ఈజిప్టులో బయటపడ్డ టుటన్‌ఖామున్ సమాధిలో మూడు మడతలయ్యే మంచం దొరికింది. దాని బందులు కంచువి, వయసు 3,300 ఏళ్ల పైమాట. మన దగ్గర ఇలాంటి సామాను బండ్ల మీదే కాదు, పడవల్లోనూ తిరగడానికి వీలుండేది. గోదావరి, కృష్ణా కాలువలు బకింగ్‌హాం కాలువతో కలిశాక కాకినాడ నుంచి మద్రాసు దాకా లోపలి నీటిదారి ఏర్పడింది. బకింగ్‌హాం కాలువలో కొంత భాగం 1876–78 ధాత కరువులో కూలి కోసం జనం తవ్వినది. అందులో మూడున్నర మైళ్ల పని కంట్రాక్టు ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు పని చూపించాడు. గోదావరి అడవుల టేకు ఈ తీరం ఊళ్లకు చేరడానికి ఇంతకంటే మంచి దారి ఏముంటుంది?

వయసు తేల్చడానికి ఒక చిన్న కిటుకు. ఒక మరమేకు ఊడదీసి కొన చూడండి. కొన మొద్దుగా తెగినట్టుంటే అది చాలా పాతది. సూదికొన ఉన్న మరమేకులు యంత్రాల మీద విరివిగా తయారవడం 1850ల ప్రాంతం నుంచే. తల మీద ప్లస్ గుర్తు ఉంటే అది 1930ల తర్వాతిది. పాత పెట్టెలో ప్లస్ మరమేకు కనబడిందంటే పెట్టె కొత్తదని కాదు, ఎవరో మరమ్మతు చేశారని. పలక లోపలివైపు వేళ్లతో తడమండి. అలలు అలలుగా చేతికి తగిలితే బాడిసతో చెక్కింది, చిత్రిక పట్టలేదు. కనబడని చోట వడ్రంగి శ్రమ ఆదా చేసుకుంటాడు, కాబట్టి నిజం ఎప్పుడూ అడుగునా వెనకా దొరుకుతుంది. ఎక్కడైనా దేనికీ సరిపోని కుసి బెజ్జం మిగిలి ఉంటే, ఆ పలక అంతకు ముందు ఇంకో వస్తువులో భాగం. పాత తలుపు బల్ల అయింది, విరిగిన మంచం బెంచీ అయింది. నల్లటి పీచు చారలు ఉంటే అది తాడి, ఈ ఇసుక తీరం సొంత కలప.

ఇంతా చెప్పింది ఒకే కారణానికి. కొత్త ఇల్లు కట్టుకోగానే మనవాళ్లు చేసే మొదటి పని పాత సామానుకు ఉప్పుకాగితం పట్టించి నిగనిగలాడే పాలిష్ వేయించడం. ఆ ఒక్క పూటలో సిరా మరకా, తాడు ఒరిపిడీ, మనిషి పడుకున్న అరుగుదలా, అన్నీ పొడిగా రాలిపోతాయి. దయచేసి ఆగండి. వడ్రంగిని పిలిచే ముందు వస్తువును బోర్లించి అడుగు, వెనక, లోపల ఫొటోలు తీయండి. ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని ఇది ఎవరిది, ఎక్కడినుంచి వచ్చింది, దీంట్లో ఏం పెట్టేవాళ్లు అని అడగండి. వాళ్లు చెప్పింది ఊరి పేరు, సంవత్సరంతో సహా ఒక కాగితం మీద రాసి పెట్టె మూతకు లోపలివైపు అంటించండి.