కిడ్నీ బాగుంది.. మరి రక్తనాళాలు?

కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లని ఎవరు పలకరించినా మొదటి ప్రశ్న ఒకటే.. 'క్రియాటినిన్ ఎంత?' అశోక్‌నగర్‌లో ఉండి గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్న నన్నూ అదే అడుగుతారు. నాలో పనిచేస్తున్నది అమ్మ ఇచ్చిన కిడ్నీ. అది బాగుందంటే ఇంట్లో అందరికీ నిశ్చింత.

మా డాక్టర్ మాత్రం రిపోర్టులో తర్వాతి పేజీ కూడా చూస్తారు. ఎందుకంటే మార్పిడి తర్వాత ప్రాణాలు తీసే ప్రధాన కారణాల్లో గుండెజబ్బు ఒకటి. కిడ్నీ చక్కగా పనిచేస్తుండగానే గుండెపోటు రావొచ్చు.

ఎందుకిలా?

కిడ్నీ పాడైన రోజుల్లో, డయాలసిస్ సమయంలో రక్తనాళాల గోడల్లో కాల్షియం పేరుకుని అవి గట్టిపడతాయి. కొత్త కిడ్నీ వచ్చినా ఆ నష్టం పూర్తిగా పోదు. పైగా స్టెరాయిడ్లు, టాక్రోలిమస్ షుగర్‌ని, సైక్లోస్పోరిన్ బీపీని, కొలెస్ట్రాల్‌ని పెంచగలవు. అలాగని మానేస్తే కిడ్నీయే పోతుంది!

అంకె తగ్గితే చాలా?

రక్తంలో హోమోసిస్టీన్ ఎక్కువున్నవాళ్లలో గుండెజబ్బులు ఎక్కువగా కనిపించాయి. ఫోలిక్ యాసిడ్, బి6, బి12తో అది తగ్గుతుంది. 1940ల్లో అమెరికాలోని లెడర్లీ ల్యాబ్‌లో ఫోలిక్ యాసిడ్‌ని తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. కిడ్నీ మార్పిడి జరిగిన 4,110 మందికి 'ఫేవరిట్' అధ్యయనంలో ఈ విటమిన్లు ఇచ్చి చూశారు. 2011లో ఫలితాలొచ్చాయి. ఎక్కువ మోతాదు తీసుకున్నవాళ్లలో హోమోసిస్టీన్ తగ్గింది కానీ గుండెపోట్లు, పక్షవాతం తగ్గలేదు!

చెడు కొలెస్ట్రాల్.. అదే ఎల్‌డీఎల్ సంగతి వేరు. 2,102 మందితో చేసిన 'అలర్ట్' అధ్యయనం ఫలితాలు 2003లో వచ్చాయి. ఫ్లూవాస్టాటిన్ వాడినా మొత్తం గుండె సమస్యల లెక్కలో స్పష్టమైన తేడా రాలేదు. గుండె వల్ల వచ్చే మరణాలు, గుండెపోట్లు కలిపి చూస్తే మాత్రం దాదాపు మూడోవంతు తగ్గాయి.

ఇవి గుర్తుంచుకోండి

స్టాటినే కదా అని మెడికల్ షాపులో సొంతంగా కొనేయొద్దు. కొన్ని రకాలు సైక్లోస్పోరిన్‌తో కలిస్తే కండరాలు దెబ్బతింటాయి. పంపరపనస జోలికీ పోవద్దు, అది రక్తంలో టాక్రోలిమస్‌ని పెంచేస్తుంది. నేనైతే చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీకి నడిచే వెళ్తా. మెస్‌లో పచ్చడి, అప్పడం పక్కన పెట్టేస్తా. బీపీ రోజూ రాసుకుంటా.

మీ ఇంట్లో ఎవరికైనా మార్పిడి జరిగిందా? ఈసారి చెకప్‌లో క్రియాటినిన్‌తో పాటు మూడు అడగమనండి.. బీపీ ఎంత, ఎల్‌డీఎల్ ఎంత, మూడు నెలల షుగర్ ఎంత?