రాష్ట్రం తీర్పు – ఢిల్లీ లెక్క

రెండు లోక్‌సభ ఎన్నికల నడుమ ఏ రాష్ట్రంలో శాసనసభ ఫలితాలు వెలువడినా జాతీయ పార్టీల్లో ఒకే చర్చ మొదలవుతుంది. రాబోయే ఢిల్లీ పోరుకు ఇది సూచన అని గెలిచినవారు అంటారు. స్థానిక కారణాలే తప్ప మరేమీ లేదని ఓడినవారు అంటారు. ఈ వాదనలను తూచి చూడడానికి మన తెలుగునేల చరిత్ర, ముఖ్యంగా పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం ప్రాంతాల అనుభవం ఎంతో ఉపకరిస్తుంది.

1994 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభకు విడిగా ఎన్నికలు జరిగాయి. అప్పటి ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు తెలుగువారే. అయినప్పటికీ 294 స్థానాల్లో కాంగ్రెస్‌కు దక్కినవి 26 మాత్రమే. ఎన్.టి. రామారావు నాయకత్వంలోని తెలుగుదేశం 216 గెలుచుకుంది. కిలో రెండు రూపాయల బియ్యం, రైతుకు చౌకగా విద్యుత్తు, సంపూర్ణ మద్యనిషేధం ఆ పార్టీ ఇచ్చిన ప్రధాన హామీలు. ప్రకాశానికి పొరుగునే ఉన్న నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై సాగించిన పోరాటమే మద్యనిషేధాన్ని ఎన్నికల అంశంగా మార్చింది. మద్యాన్ని సకల అనర్థాలకు మూలంగా భావించే మన కుటుంబాలకు ఆ పోరాటం పరాయిది కాదు.

ఆ తీర్పును చూసినవారు ఆంధ్రలో ఇక కాంగ్రెస్ పని అయిపోయిందనుకున్నారు. ఏడాదిన్నర లోపే, 1996లో లోక్‌సభ ఎన్నికలు వచ్చాయి. దేశమంతటా దెబ్బతిన్న కాంగ్రెస్ మన రాష్ట్రంలో మాత్రం 42 స్థానాలకు 22 గెలిచింది. తెలుగుదేశానికి 16 దక్కాయి. గుంటూరు, ఒంగోలు కాంగ్రెస్‌కు, బాపట్ల, నరసరావుపేట తెలుగుదేశానికి వెళ్లాయి. ఈలోగా తెలుగుదేశం చీలింది, ముఖ్యమంత్రి మారారు, రామారావు మరణించారు. వాటి ప్రభావం లేదనలేము. అయినా రాష్ట్రానికి ఇచ్చిన తీర్పునే ఓటరు ఢిల్లీకీ ఇవ్వనక్కరలేదని ఆ ఫలితం స్పష్టం చేసింది.

అలాగని నడుమ వచ్చే ఫలితాలను తేలికగా తీసుకోరాదు. 1977లో కేంద్రంలో అధికారం కోల్పోయిన ఇందిరాగాంధీ మరుసటి ఏడాది జనవరిలో వేరు కాంగ్రెస్ స్థాపించారు. ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్, కర్ణాటక శాసనసభ ఎన్నికల్లో ఆ పార్టీ గెలిచింది. రెండు కాంగ్రెస్‌లలో జనం వెంట ఉన్నది ఏదో ఆ గెలుపుతో తేలింది. 1980 నాటికి ఆమె తిరిగి ప్రధాని అయ్యారు.

ఫలితాన్ని అతిగా చదివి నష్టపోయిన సందర్భమూ ఉంది. 2003 డిసెంబరులో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఛత్తీస్‌గఢ్‌లలో గెలిచిన భారతీయ జనతా పార్టీ, లోక్‌సభ ఎన్నికలను ముందుకు జరిపింది. ఆ మూడు రాష్ట్రాలూ 2004లో దానికే అండగా నిలిచాయి. దెబ్బ వేరేచోట తగిలింది. మన రాష్ట్రంలో దాని మిత్రపక్షమైన తెలుగుదేశం 42 స్థానాల్లో 5కు పరిమితమైంది. ఒక రాష్ట్రం మాటను దేశం మాటగా వినడం వల్ల జరిగిన పొరపాటది.

ఓటరు రెండు లెక్కలు వేరుగా చూడడానికి బలమైన కారణముంది. సాగర్ కుడికాలువ నీరు పొలానికి చేరిందా, గుంటూరు మిర్చి యార్డులో తూకం, చెల్లింపు సక్రమంగా జరిగాయా అన్నది రాష్ట్ర ప్రభుత్వాన్ని అడగవలసిన ప్రశ్న. పత్తి మద్దతు ధరను నిర్ణయించేది, పత్తి సంస్థ ద్వారా కొనుగోలు జరిపించేది కేంద్రం. కేంద్రం ఏటా ప్రకటించే మద్దతు ధరల పట్టికలో మిరప లేదు. అందువల్ల ధర పడిపోయినప్పుడు మిరప రైతు ఇద్దరినీ ఆశ్రయించవలసి వస్తున్నది.

1999 నుండి మన రాష్ట్రంలో రెండు ఓట్లూ ఒకేసారి వేస్తున్నాము. 2024లో ఒకే కూటమికి 175 శాసనసభ స్థానాల్లో 164, 25 లోక్‌సభ స్థానాల్లో 21 దక్కాయి. 2019లోనూ రెండు ఫలితాలు ఒకే పార్టీ వైపు మొగ్గాయి. దేశమంతటా ఒకేసారి ఎన్నికలు జరపడానికి 2024 డిసెంబరులో రాజ్యాంగ సవరణ బిల్లును లోక్‌సభలో ప్రవేశపెట్టారు. ఖర్చు తగ్గుతుందని, ఎన్నికల నియమావళి వల్ల పనులు మాటిమాటికీ ఆగవని దాని సమర్థకులు చెబుతున్నారు. అందులో నిజముంది. కాని అయిదేళ్ల నడుమ ఢిల్లీ పార్టీలను నిలదీసే అవకాశం సన్నగిల్లుతుందన్న సంగతినీ ఆలోచించాలి. 1994 నాటి అనుభవం మనకు నేర్పింది అదే.

ఓటు సాక్ష్యం వంటిదని, అది మన చేతిలోని అమానతు అని మన పండితులు చెబుతూ వచ్చారు. ఒక వ్యాజ్యంలో ఇచ్చిన సాక్ష్యాన్ని మరో వ్యాజ్యానికి అలాగే అప్పగించలేము. కనుక రెండు ఓట్లు ఒకేనాడు వేయవలసి వచ్చినా, కుటుంబంలోని పెద్దలు, స్త్రీలు, కొత్తగా ఓటు వచ్చిన పిల్లలు ముందుగా కలిసి కూర్చుని రాష్ట్రాన్ని అడగవలసినవి, కేంద్రాన్ని అడగవలసినవి వేరు చేసుకోవాలి. అభ్యర్థి మన గడపకు వచ్చినప్పుడు అతని పదవికి సంబంధించిన లెక్క అతణ్ణే అడగాలి. ముస్లిముల ఓట్లన్నీ ఒక మూటగా లెక్కగట్టే పార్టీలకు మనం ఇవ్వదగిన జవాబు ఇదే.