ఎనిమిది గింజల తేడా తేడాయేనా?



వేరుసెనగ విత్తేముందు మొలక పరీక్ష చేయడం మీకు తెలిసిన పనే. తడిపిన గోనెపట్టాలో నూరు గింజలు పరచి, చుట్టి నీడనుంచి, పదోనాటికి ఎన్ని మొలిచాయో లెక్కపెడతాం.

పోయినేడు ఒక పెద్దాయన వచ్చి, "అయ్యా, బజారులో కొత్తగా వచ్చిన విత్తనమందు పట్టిస్తే నూటికి 82 మొలిచినై. పట్టించనివి 74. మందు కొనమంటారా?" అని అడిగాడు. "సందేహమెందుకు, కొనండి" అన్నాను. తొందరపడ్డాననే చెప్పాలి.

ఎందుకంటారా? ఒకే సంచిలోనుంచి రెండు నూర్లు తీసి, దేనికీ మందు పట్టించకుండా మొలకెత్తించి చూడండి. రెండూ సమానంగా రావు. ఒక గుప్పెట్లో పుచ్చుగింజలు నాలుగు ఎక్కువ పడతాయి, ఇంకొక గుప్పెట్లో తక్కువ పడతాయి.

గుప్పెటవల్ల వచ్చిన తేడా ఏదో, మందువల్ల వచ్చిన తేడా ఏదో పోల్చుకోవడానికి గణాంకశాస్త్రంలో ఒక లెక్క ఉన్నది. రెండువైపులా సమానంగా గింజలు పెట్టినప్పుడు దానిని పలకమీదనే వేయవచ్చును. మొలిచినవి 82, 74; వెరసి 156. మొలవనివి 18, 26, వెరసి 44. ఈ రెంటినీ హెచ్చవేసి, మొత్తం గింజలు 200తో భాగిస్తే సుమారు 34. దాని వర్గమూలం ఆరుకు కొంచెం తక్కువ. రెండింతలు చేస్తే దాదాపు 12. మందులో ఏ మహత్తూ లేకపోయినా, ఇట్లాంటి పరీక్ష నూరుసార్లు చేస్తే సుమారు తొంభైఅయిదుసార్లు తేడా ఈ 12 గింజల లోపునే ఉంటుంది. పెద్దాయనకు వచ్చిన తేడా 8. కనుక మందు పనిచేసిందని చెప్పలేం. పనిచేయలేదనీ చెప్పలేం; ఈ రెండోమాట మా తోటి ఉద్యోగులే మరచిపోతుంటారు.

మరి దారి ఏమిటి? గింజలు పెంచడమే. ప్రయోగశాలలో మొలక పరీక్షకు 400 గింజలు పెట్టేది ఊరికే కాదు. ఒక్కోవైపు 400 పెడితే 328, 296 మొలిచాయనుకోండి. శాతాలు పాతవే. కాని 624ను 176తో హెచ్చవేసి 800తో భాగిస్తే 137. వర్గమూలం 12కు లోపు, రెండింతలు చేస్తే 24కు లోపు. తేడా మాత్రం 32. దీన్ని గుప్పెటమీదికి నెట్టడం కష్టం.

మంచి గింజలు ఏరి మందువైపు పెట్టారా, లెక్కంతా వృథా! సంచి పైన, నడుమ, అడుగున తీసి, కలిపి, ఏరకుండా రెండు పాళ్లు చేయవలె. తడి, నీడ, రోజులు రెంటికీ ఒకటే ఉండాలి. ఇట్లాంటి మందు పని నేలలోని బూజుమీద కూడా గనుక, గోనెపట్టాకు బదులు మీ చేని మట్టి నింపిన తొట్లలో పోల్చి చూస్తే మరీ మంచిది.

పెద్దాయనకు కబురుపెట్టి ఇదంతా చెప్పాను. "ఎనిమిది వందల గింజలా!" అన్నాడు. అర్ధకిలో పప్పు కూడా కాదన్నాను. తొట్లు తెచ్చుకోవడానికి లేచాడు.